ధ్యాస నిలవని పిల్లాడితో హోంవర్క్ చేయించడం ఎలా?

నాలుగో తరగతి బాబుకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య) ఉందని తేలింది, లెక్కలు వచ్చినా హోంవర్క్ పూర్తికావడం లేదు, ఏం చేయాలని అడిగారు.

ఇది బద్ధకం కాదు. చెప్పిన మాటను కాసేపు మనసులో పట్టి ఉంచుకోవడమే ఈ పిల్లల్లో చాలామందికి కష్టం. "పుస్తకం తీసి, 42వ పేజీలో మూడో లెక్క నుంచి చేసి, డైరీ రాసుకో" అంటే మొదటి మాటే మిగులుతుంది. ఒకసారికి ఒకే పని చెప్పండి, బాబు చేత తిరిగి చెప్పించండి.

బడి నుంచి రాగానే ఏదైనా తినిపించి, అరగంట ఆడుకోనివ్వండి. తర్వాత టైమర్ పెట్టి 10 నిమిషాలు పని, 3 నిమిషాలు లేచి తిరగడం. ఆ విరామంలో ఫోన్, టీవీ వద్దు. వాటి దగ్గర్నుంచి వెనక్కి రప్పించడమే పెద్ద పోరు. 20 లెక్కలున్న పేజీ చూస్తేనే బెదిరిపోతాడు కాబట్టి కింది భాగాన్ని తెల్లకాగితంతో మూసి ఐదేసి చూపించండి. ఐదు కాగానే అక్కడికక్కడే మెచ్చుకోండి. పరీక్షలయ్యాక సైకిల్ కొంటామనే ఆశ ఇక్కడ పనిచేయదు, ప్రతిఫలం దూరమయ్యేకొద్దీ దాని పట్టు తగ్గిపోతుంది.

చాలా ఇళ్లలో పని చెడేది చివర్లో: రాసిన పుస్తకం టేబుల్ మీదే ఉండిపోతుంది. బ్యాగులో పెట్టాకే హోంవర్క్ అయినట్టు లెక్క.

టీచర్‌ను అడగాల్సినవి: కిటికీకి, తలుపుకి దూరంగా ముందు బెంచీ, హోంవర్క్‌ను నోటితో చెప్పకుండా బోర్డు మీద రాయడం, పద్ధతి వచ్చిందని తెలిశాక 20 లెక్కల బదులు 10. శిక్షగా ఆటల పీరియడ్ మాత్రం తీసేయవద్దని గట్టిగా చెప్పండి. కదిలే అవకాశం పోతే తర్వాతి క్లాసులో కూర్చోవడం ఇంకా కష్టమవుతుంది.