కొత్త ఎలక్ట్రోలైట్ కలిపే ముందు

బిడ్డా,

నిట్‌ల పీహెచ్‌డీ సీటు వచ్చిందని, లిథియం బ్యాటరీలకు మెరుగైన ఎలక్ట్రోలైట్ (లోపల అయాన్లను మోసే ద్రావణం) తయారు చేసే పని ఇచ్చిండ్రని మీ బాపు ఫోన్ చేసి చెప్పిండు. పొద్దంత ఆ సంతోషమే. "పెద్దబాపూ, ఏ సాల్వెంట్‌తోని మొదలుపెట్టాలె?" అని నువ్వు అడిగినవు కద. ఉప్పును కరిగించే ఆ ద్రవం దేనితోనన్న మొదలుపెట్టు గని, ముందుగాల నీళ్ల సంగతి తేల్చుకో.

మన హనుమకొండల జులై వచ్చిందంటే డబ్బాల పెట్టిన అప్పడాలు సుత మెత్తబడ్తయి. ఆ గాలి తోనే నీకు కొట్లాట. ఎలక్ట్రోలైట్‌ల కరిగించే ఉప్పు లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. దానికి ఇంత తడి తగిలితే చాలు, హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ పుడ్తది. ఆ ఆసిడ్ కాథోడ్‌ల (పాజిటివ్ ఎలక్ట్రోడ్‌ల) లోహాన్ని కరగదీస్తది, గాజును సుత తింటది. అందుకే కలిపిన ద్రావణాన్ని గాజు సీసాల దాయకు, అల్యూమినియందో టెఫ్లాన్‌దో చూసుకో. గ్లవ్ బాక్స్‌ల (బయటి గాలి తగలకుంట పనిచేసే మూసిన పెట్టెల) తడి 1 పీపీఎం (పది లక్షలల ఒక వంతు) లోపల ఉండాలె. ద్రావణంల 20 పీపీఎం దాటొద్దు, తడి కొలిచే కార్ల్ ఫిషర్ యంత్రం మీద కొలిచినంకనే సెల్ కట్టు.

నాకు ఇది ఒక వానకాలం తెలిసొచ్చింది. అప్పుడు పనిచేస్తున్న ల్యాబ్‌ల కొత్త అడిటివ్ (ఎలక్ట్రోలైట్‌ల కొంచెమే కలిపే పదార్థం) వేసి పన్నెండు కాయిన్ సెల్స్ (బిళ్లంత పరీక్ష బ్యాటరీలు) కట్టిన. ముప్పై సైకిళ్లకే (ఒకసారి ఛార్జ్ చేసి ఖాళీ చేసుడు ఒక సైకిల్) అన్నీ కూలబడ్డయి. అడిటివ్ పనికిరాదని నోట్‌బుక్‌ల రాసేసిన. మనసొప్పక ఒక సెల్ విప్పి చూస్తే, రెండు ఎలక్ట్రోడ్ల నడుమ పెట్టే, తెల్లగ ఉండాల్సిన సెపరేటర్ అంచు పొడుగునా చాయ్ మరక లెక్క గోధుమరంగు పట్టి ఉన్నది. సెపరేటర్లను వాక్యూమ్ ఓవెన్‌ల ఎండబెట్టకుంటనే వాడినం. మళ్ల ఎండబెట్టి కడితే అదే అడిటివ్ మంచిగ నడిచింది. నెల రోజులు ఒక మంచి పదార్థం మీద నింద వేసిన, ఆ బాధ ఇప్పటికీ ఉన్నది.

ఇగ అసలు సంగతి. కండక్టివిటీ (అయాన్లను పోనిచ్చే గుణం) ఎక్కువుంటే ఎలక్ట్రోలైట్ గొప్పదనుకునేటోళ్లు చాలమంది. నా లెక్కల అది సగం మాటే. మొదటి ఛార్జింగ్‌ల ఎలక్ట్రోలైట్ కొంత విరిగి నెగటివ్ ఎలక్ట్రోడ్‌ల ఉండే గ్రాఫైట్ మీద సన్నటి పొర కడ్తది. మన చెరువు కట్ట యాది తెచ్చుకో: నీళ్లు ఊరి మీద పడకుంట కట్ట ఆపాలె, పొలానికి కావాల్సినంత తూము వదలాలె. ఈ పొర సుత లిథియం అయాన్లను పోనియ్యాలె, ఎలక్ట్రాన్లను, సాల్వెంట్‌ను ఆపాలె. ఎథిలీన్ కార్బొనేట్‌కు, ప్రొపిలీన్ కార్బొనేట్‌కు ఉన్న తేడా ఒక్క మిథైల్ గుంపే. అయినా మొదటిది గ్రాఫైట్‌ను కాపాడుతది, రెండోది ఒక్కతే ఉంటే పొరలు పొరలుగ ఒలిచేస్తది. మరి మొదటిది 36 డిగ్రీల దగ్గర గని కరగదు కాబట్టి డైమిథైల్ కార్బొనేట్ లాంటి పలచటి దానితోని కలుపుతరు. ఫ్లోరోఎథిలీన్ కార్బొనేట్ 2 శాతం వేసినా పొర తీరు మారిపోతది. అందుకే కొత్తది వెతుకుతానంటే పొరను చూసుకుంట వెతుకు.

ఒక్కసారికి ఒక్కటే మార్చు. ప్రతి బ్యాచ్‌ల పాత రకం సెల్స్ మూడు పక్కన కట్టు, అవి ఎప్పటి లెక్క నడవకుంటే ఆ వారం ఫలితాలేవీ నమ్మకు. ఎక్కించిన ఛార్జ్‌ల ఎంత తిరిగొస్తదనే శాతాలను సుత పైపైన చూడకు. ఒక్కో సైకిల్‌కు 99.9 శాతం అంటే వినడానికి బాగనే ఉంటది గని, 500 సైకిళ్లకు మిగిలేది 60 శాతం దగ్గరికి దిగుతది. మందమైన లిథియం రేకు పెట్టి పరీక్షిస్తే ఈ నష్టం కనపడదు, ఆ రేకుల ఉన్న లిథియం ఆ లోటును పూడుస్తుంటది. కాయిన్ సెల్‌ల ద్రావణం ఎక్కువ పోస్తం కాబట్టి అట్లనే మోసపోతవు. అసలు బ్యాటరీల పోసేది చాల తక్కువ.

ఎండకాలం రామగుండం దిక్కు 45 డిగ్రీలు దాటుతది. అక్కడి రోడ్డు మీద ఎండల నిలబడ్డ ఎలక్ట్రిక్ ఆటో లోపల ఎంత కాగుతదో ఆలోచించు. ఈ ఉప్పు వేడికి లిథియం ఫ్లోరైడ్‌గ, ఫాస్ఫరస్ పెంటాఫ్లోరైడ్‌గ విడిపోతది. ఏసీ గదిల 25 డిగ్రీల దగ్గర బాగుంటే సరిపోదు, 45ల, 60ల సుత నడిపి చూడు.

ఉప్పు సాల్వెంట్‌ల పోసేటప్పుడు కొంచెం కొంచెం వెయ్యి, లేకుంటే వేడి పుట్టి ద్రావణం పసుపుపచ్చగైతది. పసుపుపచ్చబడ్డదాన్ని మొహమాటపడకుంట పారబొయ్యి. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేంత దగ్గర పెట్టుకో. చేతి మీద చుక్క పడితే వెంటనే కడిగి, జెల్ రాసుకోని దవాఖానకు పో, నొప్పి లేదు కదా అని ఊకోకు. ఆ హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ నొప్పి ఆలస్యంగ వస్తది.

దసరాకు వచ్చేటప్పుడు నోట్‌బుక్ పట్టుకరా, మొదటి సెల్స్ లెక్కలు ఇద్దరం కూసోని చూద్దం. మీ పెద్దమ్మ నీకని సకినాలు చేస్తనంటున్నది.

నీ పెద్దబాపు,
హనుమకొండ