బానెట్ కుదరాలంటే ముందు బానెట్ జోలికి పోవద్దు

చిరంజీవికి,

నీ 1970 షెవర్లే సీ-10 పికప్ ట్రక్కు ఫోటోలు చూశాను. బానెట్ వెనక అంచు ముందు అద్దం కింది రేకు, అదే కౌల్, దగ్గర లేచి ఉంది. డ్రైవరు వైపు ఫెండర్‌కీ (ముందు చక్రం మీది రేకు) తలుపుకీ మధ్య సందు పైన వెడల్పు, కింద ఇరుకు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. ముందు చూడాల్సింది రెండోది.

ఈ ట్రక్కులో క్యాబిన్ గానీ, రేడియేటర్ సపోర్ట్ (ముందు రేడియేటర్‌ని పట్టుకునే చట్రం) గానీ ఛాసిస్ మీద కూర్చునేది రబ్బరు బుష్షుల మీదే. ఇన్నేళ్ళకి ఆ రబ్బరు నలిగి పల్చబడుతుంది. సపోర్ట్ దిగితే దానికి బిగించిన ఫెండర్ ముక్కూ దిగుతుంది. అప్పుడు ఫెండర్ వెనక పైమూల ముందుకు వాలి, తలుపు దగ్గర సందు పైభాగాన విచ్చుకుంటుంది. కాబట్టి క్యాబిన్ బుష్షులు, ఆ తర్వాత తలుపులు, ఆ తర్వాత సపోర్ట్ బుష్షులు, ఫెండర్లు. బానెట్ అన్నిటికన్నా ఆఖరు. కొత్త బుష్షు వేశాక కూడా తేడా ఉంటే సపోర్ట్ కింద 1/16 అంగుళం షిమ్ (ఎత్తు సర్దే పల్చటి రేకు బిళ్ళ) ఒక్కటి పెట్టి, బిగించి, తలుపు దగ్గర చూడు. అంత చిన్న షిమ్‌కే పైన సందు ఎంత మారుతుందో నీకే తెలుస్తుంది. ఫెండర్ల మధ్య టేపుతో రెండు ఐమూలలూ కొలువు. అవి సమానంగా రాకపోతే ముందుభాగం పక్కకి ఒరిగినట్టే. దాన్ని బానెట్ జరిపి కప్పిపుచ్చలేవు.

ఇక హింజీలు, అంటే బానెట్ వెనక మూలల్లో అది తెరుచుకునే స్ప్రింగు బందులు. అసలు గొడవంతా ఇక్కడే. బానెట్ సగం తెరిచి, లావు కట్టెతో ఊతమిచ్చి, సాగి ఉన్న స్ప్రింగు చుట్ల మధ్య వాషర్లు దూర్చు. బానెట్ పూర్తిగా ఎత్తితే స్ప్రింగు వదులై కొక్కెం నుంచి ఊడుతుంది. కళ్ళద్దాలు లేకుండా ఈ పని చెయ్యొద్దు. స్ప్రింగులు తీశాక బానెట్ తనంతట నిలబడదు, మనిషి తోడుండాలి. ఇప్పుడు నెమ్మదిగా దించి చూడు. వెనక అంచు చక్కగా కూర్చుంటే అమరికలో తప్పు లేదు: హింజి రివెట్లు అరిగి, స్ప్రింగు లాగినప్పుడల్లా ఆ లూజు మేర అంచు లేస్తోంది. హింజీలు జతగా మార్చు, ఒక్కటే మారిస్తే రెండు వైపులా ఎత్తు కలవదు. అలా కాక హింజి బిర్రుగా ఉంటే మాత్రం పైనుంచి నొక్కి మూయకు. ఈ ట్రక్కుల బానెట్లు హింజీలకి కాస్త ముందు మడత పడేది అందుకే. ఒకసారి మడత పడితే టింకరింగ్‌తో తీసినా గీత కనబడుతూనే ఉంటుంది. కీళ్ళలో తుప్పు వదిలే నూనె పోసి రాత్రంతా వదిలి, పొద్దున చేత్తో ఆడించు.

కౌల్ మీది రబ్బరు కూడా తీసి చూడు. కొత్త రబ్బరు మందంగా, గట్టిగా ఉండి బానెట్‌ని ఎత్తుతుంది. జనం తప్పంతా హింజి మీదికి తోస్తారు.

సర్దే ముందు హింజి చుట్టూ మార్కరుతో గీత గియ్యి. లాచ్ (బానెట్ ముందు గడియ) విప్పేసెయ్, లేకపోతే అది బానెట్‌ని తన వైపు లాగి నిన్ను మోసం చేస్తుంది. ఫెండర్ వెనక మూలలకి మందపాటి టేపు అంటించు. బానెట్‌ని హింజికి పట్టే బోల్టులు వదులు చేస్తే ముందుకీ వెనక్కీ జరుగుతుంది, హింజిని బాడీకి పట్టే బోల్టులతో వెనకభాగం ఎత్తు మారుతుంది. పూర్తిగా వదలకు, చేత్తో నెడితే కదిలేంత చాలు. ఒకసారికి ఒక్క వైపే, అదీ 1/16 అంగుళానికి మించకుండా. బానెట్ చుట్టూ సందు 3/16 అంగుళం, అంటే దాదాపు 5 మి.మీ. వస్తే చాలు, ఫ్యాక్టరీలోనే ఇంతకన్నా నికరంగా రాలేదు.

ఎత్తు ఇంకా కుదరకపోతే హింజికీ బానెట్‌కీ మధ్య పల్చటి వాషర్ వెయ్యి. ముందు బోల్టు దగ్గర వేస్తే వెనక అంచు దిగుతుంది, వెనక బోల్టు దగ్గర వేస్తే లేస్తుంది. ఇది తిరగేసి వేసేవాళ్ళే ఎక్కువ. స్ప్రింగులు తిరిగి వేస్తే అంచు కాస్త లేస్తుంది గనక, అవి లేనప్పుడు వెనకభాగాన్ని వెంట్రుకవాసి దిగువనే ఉంచు.

ముందు మూలల రబ్బరు బంపర్లు ఆ తర్వాత. వాటి మీద కాగితం ముక్క పెట్టి బానెట్ మూసి లాగు; రెండు వైపులా ఒకే బిగువుతో రావాలి. లాచ్ చివరన బిగించు. బానెట్ తెరిచి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో లాచ్‌ని మూసి, విడుదల మీట పనిచేస్తోందో లేదో చూడు. అది చూడకుండా బానెట్ మూస్తే, ఇరుక్కున్నాక గ్రిల్ విప్పాల్సి రావచ్చు.

ఇదంతా పెయింటుకి ముందే అవ్వాలి. పెయింటయ్యాక బోల్టు వదిలితే వాషర్ కింది రంగు లేచిపోతుంది. ఒక్కో షిమ్ ఎక్కడిదో టేపు మీద రాసి అక్కడే అంటించిపెట్టు, పెయింటరు విప్పినప్పుడు కలిపేస్తాడు.

ఆశీస్సులతో,
బాబాయ్