ఉత్త బఫర్‌ది ముందు చూపించు, పాపా

అనంతపురం

పాపా,

నువ్వు పీహెచ్‌డీకి టీఎన్‌టీ అనే పేలుడు మందును పసిగట్టే సెన్సార్ ఎంచుకున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా అనిపించింది, నిద్ర మాత్రం పట్టలేదు. 2021 మేలో మామిళ్లపల్లె ముగ్గురాళ్ల గనిలో పేలుడు జరిగిన రోజు, మీ నాన్న అటువైపు గనులకే టిప్పర్ తోలుతున్నాడు. బావ ఫోన్ ఎత్తేదాకా మీ అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నా. పేలుడు అన్న మాట వింటే ఇప్పటికీ ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది.

కరెంటు కొలిచే ఎలక్ట్రోడ్‌ను అల్యూమినా పొడితో అద్దంలా రుద్దుకో. ద్రావణంలోకి పది పదిహేను నిమిషాలు నైట్రోజన్ పంపు, లేకుంటే టీఎన్‌టీలోని నైట్రో గ్రూపుల కరెంటులో ఆక్సిజన్ కరెంటు కలిసిపోతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం మీ అమ్మకు కూడా తెలీదు.

నా పరిశోధన రోజుల్లో వేరుశనగకు మిథైల్ పారాథియాన్ కొట్టేవాళ్లు. అది విరిగితే పారానైట్రోఫినాల్ పుడుతుంది. దాన్ని బావినీళ్లలో పట్టాలని, ఆ అణువునే అచ్చుగా పెట్టి ఎలక్ట్రోడ్ మీద పాలిమర్ పొర కట్టాను. మిథనాల్, ఎసిటిక్ యాసిడ్‌తో కడిగితే అణువు బయటికి పోయి దాని ఆకారంలో గుంట మిగలాలి. రెండుసార్లు కడిగాను. కడిగిన నీళ్లు తేటగా కనిపించాయి, చాల్లే అనుకున్నా.

ధర్మవరం దారిలో ఒక రైతు బావినీళ్లు తెచ్చి పరీక్షిస్తే గ్రాఫులో ఆ అణువు ఉందని చెప్పే శిఖరం, అదే పీక్, నిటారుగా లేచింది. సంతోషం పట్టలేక ఆ సాయంత్రమే బస్సెక్కి పోయి, "ఈ నీళ్లు తాగొద్దన్నా" అని చెప్పొచ్చా. ఆ ఇంటి కోడలు నెలలు నిండుతున్న మనిషి. మూడు వారాలు ఊరి చివరి బోరింగు నుంచి బిందెలు మోసింది.

ఆ తర్వాత ఒకరోజు, తెచ్చిన నీళ్లు అయిపోయి, ఏ శాంపిలూ కలపని ఉత్త బఫర్ ద్రావణంలో ఎలక్ట్రోడ్ ముంచా. అదే పీక్, అదే చోట. కాళ్లు చల్లబడ్డాయి. పారబోయకుండా ఉంచిన కడుగునీళ్లలో సోడియం హైడ్రాక్సైడ్ పోస్తూ పోయా. యాసిడ్ విరిగాక నీళ్లు పసుపు కలిపినట్టు మారాయి. పారానైట్రోఫినాల్ క్షారంలోనే ఆ రంగు చూపిస్తుంది గదా. రెండో కడుగులో కూడా అంత రంగుందంటే, పొరలో ఇంకెంత మిగిలిందో! బావిలో దొరికిందనుకున్నది నా పొర నుంచే కారుతోంది. మరుసటి రోజు పోయి, మీ బావిలో అది ఉందో లేదో నాకు నిజంగా తెలీదని ఒప్పుకున్నా. ఆ రైతు ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల బిందె దించి నావైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

నువ్వు కట్టేదీ ఇలాంటి అచ్చు పొరే గనక అరిచి చెప్తున్నా: ఏ శాంపిల్ ముట్టకముందైనా ఉత్త బఫర్ చూడు. పీక్ పూర్తిగా పోయేదాకా కడుగు. అచ్చు లేకుండా కట్టిన పొరను కూడా పక్కనే పెట్టి పోల్చు. కావాలంటే టీఎన్‌టీని పోలిన వేరే అణువుతో అచ్చు తియ్యి. మిగిలింది కారినా దాని పీక్ వేరే చోట పడే వీలుంటుంది.

ఇంకొకటి. గనుల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది అమ్మోనియం నైట్రేట్ మందు. అందులో టీఎన్‌టీ లేకపోతే నీ సెన్సార్ పలకదు. అది పలకలేదని ఎవరూ ధైర్యంగా పేలని గుంత దగ్గరికి పోకూడదు. ఈ మాట నీ థీసిస్ మొదటి పేజీలోనే రాయి. మీ నాన్నకు తెలిసినవాళ్లు గనిమందు ముక్క ఇస్తామన్నా తీసుకోకు, నా మీద ఒట్టు. ఎసిటోనైట్రైల్‌లో కలిపి అమ్మే పల్చటి స్టాండర్డ్ ద్రావణం గైడు ద్వారానే తెప్పించుకో.

కోప్పడ్డానని బాధపడకు తల్లీ. చిన్నప్పుడు నా ల్యాబ్ కోటు తొడుక్కుని ఇల్లంతా తిరిగినదానివి. ఉగాదికి రా, మీ అత్త ఓళిగలు చేస్తానంది. గ్రాఫులు తీసుకురా, ఉత్త బఫర్‌ది ముందు చూపించు.

మీ మామ