మీ కేసు ఆ 941 రూపాయల 64 పైసల్లో ఉంది

ప్రశ్న: 2022 జూన్‌లో హైదరాబాద్ కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నప్పుడు ఇంటికి ఫైబర్ నెట్, నాదీ నా భార్యదీ రెండు పోస్ట్‌పెయిడ్ నంబర్లు కలిపి ఒకే బిల్లు కింద తీసుకున్నాం. మూడూ కలిపితే నెలకు 300 తగ్గుతుందని ఏజెంటు వాట్సాప్‌లో రాశాడు. అందుకోసం నా భార్య నంబరు కూడా నా పేరుకు మార్పించాం. బదిలీ కావడంతో 2023 మే 28న ఇల్లు ఖాళీ చేసి విజయవాడ వచ్చాం. ఫైబర్ లైను వేసిన కుర్రాడికి ఫోన్ చేసి కనెక్షన్ తీసేయమంటే ‘సరే సార్’ అన్నాడు. రౌటర్ వాచ్‌మన్ దగ్గర పెట్టాం. అయినా సెప్టెంబరు దాకా ఫైబర్ డబ్బు ఆటోపేలో పోతూనే ఉంది. అక్టోబరులో చూసుకుని ఆటోపే ఆపి కంపెనీకి ఈమెయిల్ పెట్టాను. తర్వాత మొబైల్ డబ్బు మాత్రం రెండు నెలలు కట్టాను. డిసెంబరులో రెండు నంబర్లూ ఆపేశారు. బకాయి ఉందంటూ పోర్ట్ కూడా కానివ్వలేదు. నా భార్య ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, పద్నాలుగేళ్ల నంబరు, కస్టమర్లంతా పోయారు. ఇప్పుడు 10,950 కట్టాలని మే నెలలో హైదరాబాద్‌లో లోక్ అదాలత్‌కు రమ్మని నోటీసు వచ్చింది. రాకపోతే అరెస్టు వారంట్ అని రికవరీ ఏజెంటు బెదిరిస్తున్నాడు. 6,000 తన నంబరుకు పంపితే మూసేస్తానంటున్నాడు. పంపేయమంటారా? మాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పంపకండి. మిగతాదంతా తర్వాత.

మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడు ఏజెంటు మోసం గురించి, మీ శ్రీమతి కన్నీళ్ల గురించి ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, ఉత్తరంతో జతచేసిన కాగితాలు చూశాను. మీ కేసును నిలబెట్టేది ఒకే ఒక్క కాగితం. దాన్ని మీరు అన్నిటికన్నా అడుగున పెట్టారు. 2023 అక్టోబరు 6న మీరు కంపెనీకి పంపిన ఈమెయిల్ అది. దాని కిందే కంపెనీ జవాబు, అందులో ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే డాకెట్ నంబరు ఉన్నాయి. మీ మెయిల్ నాలుగో వాక్యం మీరే మళ్లీ చదవండి: ‘ఫైబర్ ఈ రోజు నుంచి ఆపండి, ఇకపై రెండు మొబైల్ నంబర్ల డబ్బు మాత్రమే కడతాను.’ ఆ ఒక్క వాక్యంతో మీకు తెలియకుండానే రెండు పనులు చేశారు. ఫైబర్ ఆపమని రాతపూర్వకంగా అడిగారు. కట్టబోయే డబ్బు దేనికో ముందే చెప్పారు.

మొదటిది చూద్దాం. మే 28న కుర్రాడికి చేసిన ఫోన్‌ను కేసుగా నిలబెట్టడం కష్టం. అతను మా ఉద్యోగి కాదు, ఫ్రాంచైజీ మనిషి అంటుంది కంపెనీ. ‘సరే సార్’ అన్నాడనడానికి మీ మాట తప్ప ఆధారం లేదు. కాల్ లిస్టు తెచ్చినా ఫోన్ చేసినట్టు తెలుస్తుందే తప్ప ఏం మాట్లాడారో తెలియదు. కనెక్షన్ తీయించడమంటే కాల్ సెంటర్‌కో యాప్‌లోనో ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు తీసుకోవడం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఆ నంబరు ఇవ్వాల్సిందే. రెండు నిమిషాల పని. అది చేయకపోగా నాలుగు నెలలు ఖాతాలోంచి డబ్బు పోతుంటే బ్యాంకు మెసేజీలు కూడా చూసుకోలేదు. 699 అద్దె, జీఎస్టీతో 824.82, నాలుగు నెలలకు 3,299. ఆ కాలంలో ఒక్క జీబీ కూడా వాడలేదని యూసేజ్ రికార్డు తెప్పించి అడుగుదాం. కానీ వాడినా వాడకపోయినా అద్దె కట్టాలన్న షరతు చూపించి అవతలి లాయరు వాదిస్తాడు. ఆ 3,299 మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

అక్టోబరు 6 తర్వాత మాత్రం లెక్క తిరగబడుతుంది. ఆపమన్న మెయిల్ వాళ్లకు అందింది, డాకెట్ నంబరు ఇచ్చారు. అయినా ఫిబ్రవరి దాకా అయిదు నెలల ఫైబర్ అద్దె, 4,124 రూపాయలు బిల్లు చేశారు. అక్టోబరు మొదటి అయిదారు రోజుల అద్దె కట్టడానికి సిద్ధమని మీరే చెప్పండి. దాంతో మీ మాటకు బరువు పెరుగుతుంది. మిగతాది సేవాలోపం, తిరుగులేదు.

ఇక రెండోది. అక్టోబరు, నవంబరుల్లో మీరు కట్టింది ఒక్కోసారి 941 రూపాయల 64 పైసలు. రెండు 399 ప్లాన్లు, వాటి మీద 18 శాతం జీఎస్టీ కలిపితే పైసాతో సహా వచ్చే మొత్తం అదే. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆ 1,883ను ఫైబర్ బకాయిలో జమ వేసుకుంది. మొబైల్ బకాయి 1,883 ఉందని చూపించి నంబర్లు ఆపింది, అదే బకాయి పేరుతో పోర్ట్ తిరస్కరించింది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 59వ సెక్షన్ ఇలాంటి పేచీ కోసమే ఉంది. ఒకరికి వేర్వేరు బాకీలు ఉన్నవాడు ఫలానా బాకీ కింద కడుతున్నానని చెప్పి ఇస్తే, పుచ్చుకున్నవాడు దానికే జమ కట్టాలి. నోటితో చెప్పకపోయినా పరిస్థితులను బట్టి తెలిస్తే చాలు. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: ఉన్న బాకీలన్నిట్లో వెయ్యి రూపాయలది ప్రామిసరీ నోటు ఒక్కటే. గడువు రోజున సరిగ్గా వెయ్యి కడితే, ఆ డబ్బు ఆ నోటుకే చెందుతుంది. మీ 941.64 కూడా అంతే. పైగా ముందు రోజుల్లోనే మెయిల్‌లో చెప్పారు.

‘అంతా ఒకే బిల్లు, వేర్వేరు బాకీలు కావు’ అంటారు వాళ్లు. దానికి జవాబు వాళ్ల బిల్లులోనే ఉంది. మీరు పంపిన బిల్లు రెండో పేజీలో మూడు కనెక్షన్లకు మూడు వేర్వేరు నంబర్లు, విడివిడిగా అద్దె, విడివిడిగా పన్ను ఉన్నాయి. వాటిని కలిపింది డిస్కౌంటు కోసమే. ఆ పేజీకి రంగుల కాపీ తీయించి పెట్టుకోండి. కలిపి తీసుకునేవాళ్లు సాధారణంగా చూడనిది ఇదే. నెలకు మూడొందలు మిగులుతాయని సంతోషిస్తారు గానీ, ఒక కనెక్షన్ మీద తగాదా వస్తే మిగతా రెండూ వాళ్ల చేతిలో తాకట్టులో ఉన్నట్టే. జారీ అయిన పోస్ట్‌పెయిడ్ బిల్లు కట్టకపోతే పోర్ట్ ఆపే హక్కు వాళ్లకు నిజంగానే ఉంది. అందుకే ఆ డబ్బు దేనికి జమ అయిందన్నది అంత ముఖ్యం.

డిస్కౌంటు తిరిగి లాక్కోవడం గురించి. పన్నెండు నెలలకు 3,600 వెనక్కి కట్టమన్నారు. ఫైబర్ తీసేస్తే ఆ రోజు నుంచి డిస్కౌంటు ఆగుతుంది, అది న్యాయమే. ఇచ్చేసింది వెనక్కి తీసుకోవాలంటే మాత్రం ఇన్ని నెలలు ఉండి తీరాలన్న షరతు మీరు ఒప్పుకున్న దరఖాస్తులో ఉండాలి. దాన్ని చూపించాల్సిన బాధ్యత వాళ్లదే. ఏజెంటు వాట్సాప్‌లో అలాంటి మాటే లేదు. ఆ చాట్‌కు స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. పాత ఫోన్ మార్చకండి, అమ్మకండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి, ఏజెంటు నంబరు, తేదీ కనబడాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63(4) సెక్షన్ కింద ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టంత పట్టుబట్టదు, అయినా జతచేస్తే ఆ అభ్యంతరానికి చోటుండదు.

రౌటర్‌కు 2,500 వేశారు. ఇది మీ తప్పే. కంపెనీ సామాను వాచ్‌మన్ చేతికిచ్చి రావడమేమిటి? పాత ఇంటి ఓనరుకు ఈ రోజే ఫోన్ చేయండి. దొరికితే వెనక ఉన్న సీరియల్ నంబరు కనబడేలా ఫోటో తీసి, స్టోరులో అప్పగించి రసీదు తీసుకోండి. దొరకకపోతే రౌటర్ ధర ఎంత న్యాయమో అంత కడతానని ఫిర్యాదులోనే రాయండి.

ఇప్పుడు గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు వేయడానికి రెండేళ్లు. మీ ఖాతాలోంచి మొదటి ఫైబర్ డబ్బు పోయింది 2023 జూన్ 5న. ఈ 2025 ఏప్రిల్ గడిస్తే మిగిలేది ఒక్క నెల. మెయిళ్లు పెడుతూనే ఉన్నాం కదా, లీగల్ నోటీసు ఇచ్చాం కదా అంటే గడువు సాగదు. ఆలస్యాన్ని మాఫీ చేయమని అడగొచ్చు, కానీ ‘చూసుకోలేదు’ అన్నది కారణం కాదు. ఆశ తక్కువున్న ఆ 3,299 కోసం ఇంత తొందరెందుకని అనుకోకండి. అవతలి లాయరు ముందుగా పట్టుకునేది ఫిర్యాదులోని అన్నిటికన్నా పాత తేదీనే. మే నెలాఖరులోగా ఫిర్యాదు పడాలి.

హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు, మీరుంటున్న విజయవాడలోనే జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే పెట్టొచ్చు. మీరు చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. టెలికాం తగాదాలకు కన్స్యూమర్ కమిషన్ పనికిరాదని ఎవరైనా 2009 నాటి తీర్పు చూపిస్తే కంగారుపడకండి. కమిషన్‌కు వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 16న తేల్చింది. 2019 చట్టంలో సేవ నిర్వచనంలో టెలికాం అన్న మాటే ఉంది. ట్రాయ్‌కి ఫిర్యాదులు రాస్తూ కూర్చోవద్దు, అది వ్యక్తుల తగాదాలు తేల్చదు. ఫిర్యాదులో ‘సేవాలోపం’, ‘అనుచిత వ్యాపార పద్ధతి’ అని రాయండి. ఇంటర్నెట్‌లో చూసి ‘అన్యాయమైన ఒప్పందం’ అని చేర్చారంటే చిక్కు. ఆ కోవ ఫిర్యాదులు జిల్లా కమిషన్ పరిధిలోకి రావు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి.

మీ శ్రీమతి నంబరు మీ పేరుకు మార్చినా, మీ అనుమతితో ఆ సేవ వాడుకున్న మనిషిగా ఆమె కూడా వినియోగదారే. ఇద్దరూ కలిసి ఫిర్యాదు వేయండి. నంబరు తిరిగి ఇప్పించమని మాత్రం అడగకండి. మూసేసిన నంబరు కొన్నాళ్లకు మరొకరికి వెళ్లిపోతుంది. ఆమె నష్టానికి పరిహారం అడగాలంటే కస్టమర్లు పోయారంటే చాలదు. ఆమె పాత ఆర్డర్ల నోటుబుక్కు, 2023 డిసెంబరు ముందు నెలలకూ ఆ తర్వాతి నెలలకూ ఆమె ఖాతాలో యూపీఐ రాబడి తేడా, ఇద్దరు ముగ్గురు కస్టమర్ల అఫిడవిట్లు కావాలి. అవి లేకపోతే కమిషన్ తనకు తోచినంత ఇస్తుంది, అది మీకు నచ్చదు.

చివరికి రికవరీ ఏజెంటు దగ్గరకు. అరెస్టు వారంట్ అన్నది ఉత్త బూటకం. ఫోన్ బిల్లు బాకీకి ఎవరినీ జైల్లో పెట్టరు. కానీ ఆ 6,000 పంపారంటే చిక్కులు చాలా ఉన్నాయి. ఆ డబ్బు కంపెనీకి చేరిందనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. కొంత కట్టి ఆ కట్టినట్టు మీ సంతకంతోనో చేతిరాతతోనో ఉంటే, లేదా ‘మిగతాది వచ్చే నెల కడతాను’ అని రాసిచ్చినా, లిమిటేషన్ చట్టం 18, 19 సెక్షన్ల కింద దావా వేయడానికి వాళ్లకున్న మూడేళ్ల గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బాకీ ఒప్పుకున్నట్టూ అవుతుంది, మన 59వ సెక్షన్ వాదన గాలికి పోతుంది. అతనికి వాట్సాప్‌లో ఒక్క అక్షరం కూడా రాయకండి.

నోటీసు పైభాగం మాత్రం జాగ్రత్తగా చూడండి. మీరు పంపిన ఫోటోలో సగం కట్ అయింది. ఉత్త లోక్ అదాలత్ అయితే మీరు ఒప్పుకుని సంతకం పెడితే తప్ప అవార్డు, అంటే దాని ఉత్తర్వు, రాదు. వెళ్లకపోయినా నష్టం లేదు. వెళ్తే అక్టోబరు మెయిల్ చూపించి, బాకీ రద్దు చేస్తామంటే తప్ప సంతకం పెట్టకండి. అదే ‘పర్మనెంట్ లోక్ అదాలత్’, సెక్షన్ 22-సి అని ఉంటే వ్యవహారం వేరు. రాజీ కుదరకపోతే అది తీర్పు కూడా చెప్పగలదు. కంపెనీ అక్కడ దరఖాస్తు వేసి ఉంటే అదే తగాదాను ఇంకో కోర్టుకు తీసుకెళ్లే వీలూ ఉండదు. అప్పుడు విజయవాడ ఫిర్యాదు సంగతి పక్కన పెట్టి, పైన చెప్పిన జవాబంతా అక్కడే రాతపూర్వకంగా వేయాలి. నోటీసు మొదటి పేజీ మొత్తం, నాలుగు అంచులూ కనబడేలా ఫోటో తీసి పంపండి. అది చూసే దాకా ఫిర్యాదు అప్‌లోడ్ చేయకండి.