సిద్ధాంతం నచ్చిన అభ్యర్థికా, గెలిచే అభ్యర్థికా: ఎవరికి మద్దతివ్వాలి?

పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే దశలో సిద్ధాంతానికి, అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినవారే గెలిచే తుది పోటీలో గెలుపు అవకాశానికి ఎక్కువ విలువివ్వడం సబబు.

ఆ తుది పోటీలో గెలవడానికి సగం ఓట్లు అక్కర్లేదు. దగ్గరి భావాలున్న ఇద్దరి మధ్య ఓట్లు చీలితే, ఎక్కువమందికి ఇష్టంలేని మూడోవారు గెలిచిపోవచ్చు. ఆస్ట్రేలియా ప్రతినిధుల సభ ఎన్నికల్లో ఈ టెన్షన్ చాలావరకు ఉండదు. అక్కడ ఓటర్లు అభ్యర్థులను తమ ఇష్టం ప్రకారం వరుసగా ఎంచుకుంటారు. మొదటి ఎంపికకు తక్కువ ఓట్లొచ్చి పోటీ నుంచి తొలగిపోతే ఓటు తర్వాతి ఎంపికకు బదిలీ అవుతుంది.

2000 అమెరికా అధ్యక్ష ఎన్నికనే చూడండి. అధ్యక్షుడెవరో తేల్చిన ఫ్లోరిడా రాష్ట్రంలో డెమోక్రాటిక్ అభ్యర్థి ఆల్ గోర్‌పై రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ ఆధిక్యం 537 ఓట్లే. గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు అక్కడ 97 వేలకు పైగా వచ్చాయి. అవన్నీ గోర్‌కే పడేవని చెప్పలేం. కానీ వాటిలో చిన్న భాగం అటు మళ్లినా ఫలితం తారుమారయ్యేది.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, గెలుపు అవకాశాన్ని ముందే తేలిపోయిన నిజంగా తీసుకుంటారు. అది కేవలం అంచనా. పైగా ‘ఈమె గెలవదు’ అన్న ప్రచారాన్ని నమ్మి మద్దతుదారులే వెనక్కి తగ్గితే, ఆమె ఓటమికి ఆ ప్రచారమే కారణమవుతుంది.