డౌలా ఫీజు పాలసీలో వస్తుందా?

పర్లాకిమిడి చెల్లెమ్మా, మీ ఆయన కంపెనీ ఆరోగ్య బీమా పాలసీలో డౌలా (కాన్పులో తోడుండి సాయం చేసే మనిషి) ఫీజు వస్తుందా అని అడిగావు. సాధారణంగా రాదు. పాలసీ ఇచ్చేది ఆస్పత్రి ఖర్చుకే, నొప్పులప్పుడు నడుం పట్టి ధైర్యం చెప్పే మనిషికి కాదు. మా అమ్మాయి కాన్పుకి బరంపురంలో డౌలాను పెట్టాం. క్లెయిమ్ కాగితాల్లో ఆ ఒక్క వరుస మీద ఎర్ర గీత కొట్టి పంపారు! ముందే హెచ్ఆర్‌ని అడిగి మెటర్నిటీ లిమిట్ (కాన్పుకి ఎంతవరకు ఇస్తారో), వెయిటింగ్ పీరియడ్ (పాలసీలో చేరిన ఎన్నాళ్లకి అది వర్తిస్తుందో) సంగతి మెయిల్‌లో రాయించుకో.

సర్కారు ఆస్పత్రికి వెళ్తే మాత్రం టెన్షన్ లేదు. జననీ శిశు సురక్షా పథకం కింద సిజేరియన్ అయినా ఉచితమే. కాన్పు అయిన అనుభవమున్న ఒక ఆడమనిషిని లేబర్ రూమ్‌లో తోడుంచుకోవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. నర్సులతో ఒడియాలో గట్టిగా మాట్లాడగలిగే పిన్నో, అత్తో ఉంటే ఆవిడనే తీసుకెళ్లు.