భీమిలికి పోతున్న మా మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, నల్లగొండ నుంచి మీ అత్తమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

బిడ్డా, సంక్రాంతి దాటాక పిల్లలను, మీ అత్తగారిని తీసుకుని విశాఖపట్నం పోతున్నామని, అందులో ఒక పూట భీమిలికి పెట్టుకున్నామని మొన్న ఫోన్‌లో చెప్పావు. ఆ ఒక పూట అన్న మాటే నాకు నచ్చలేదు. మీ మామయ్య విశాఖలో ఉద్యోగం చేసినన్నాళ్ళు మేము భీమిలిలోనే అద్దెకున్నాం. ఆ ఊరి మీద నాకున్న ప్రేమ నీకు తెలుసు. బీచ్‌లో నాలుగు ఫొటోలు దిగి కారెక్కితే భీమిలిని చూసినట్టు కాదు. ఒక రోజంతా ఇవ్వు. కైలాసగిరి ఇంకోసారి చూడవచ్చు.

నల్లగొండలో సాయంత్రం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే విశాఖలో దిగుతారు. పండగ తిరుగు ప్రయాణాల రద్దీ ఉంటుంది కాబట్టి బెర్తులు ఇప్పుడే చేయించు. అత్తగారికి కింది బెర్తు తప్పకుండా అడుగు. జనవరి మంచి నెల. అక్టోబరు, నవంబరులో మాత్రం ఎవరు రమ్మన్నా ఆ తీరానికి ప్రయాణం పెట్టుకోవద్దు, అది తుఫాన్ల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి విశాఖను ఎట్లా చేసిందో టీవీలో చూశాం కదా.

విశాఖ నుంచి భీమిలి పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కారు మాట్లాడుకుంటామన్నావు, కానీ నా మాట విని సిటీ బస్సులో పో. 900కె బస్సు సముద్రం పక్క రోడ్డు మీదనే పోతుంది. కుడి వైపు కిటికీ దగ్గర పిల్లలను కూర్చోబెడితే దారి పొడుగునా సముద్రం కనపడుతూనే ఉంటుంది. భీమిలి వాళ్ళు పొద్దున ఆఫీసులకు, కాలేజీలకు విశాఖ పోయి రాత్రికి తిరిగి వస్తారు. మీరు పొద్దున అటు, సాయంత్రం ఇటు, అంటే రెండు పూటలా వాళ్ళకు ఎదురు పోతారు. కాబట్టి సీట్లు దొరుకుతాయి. ఆదివారం మాత్రం ఈ లెక్క పనిచేయదు. ఊరంతా బీచ్ రోడ్డు మీదనే ఉంటుంది. మంగళవారమో బుధవారమో పెట్టుకో.

దారిలో ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్ళుగా గాలి, వాన, సముద్రం కలిసి పేర్చిన ఎర్ర ఇసుక అది. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఆగి చూడండి, కానీ పిల్లలను దిబ్బల మీద నుంచి జారనివ్వకు. మెత్తటి ఇసుక, అంచు విరిగితే మనిషి కిందికి పోతాడు. దిబ్బకూ మంచిది కాదు.

ఇక అసలు సంగతి, సముద్రం. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, విసుక్కోకు.

మన పిల్లలు బావిలో ఈత నేర్చినవాళ్ళు. నీ పెద్దోడు మోటబావిలో పై గట్టు మీద నుంచి దూకుతాడని అన్నయ్య గొప్పగా చెబుతాడు. ఆ ధైర్యమే నాకు భయం. బావి నీళ్ళు నిలబడి ఉంటాయి, సముద్రం నీళ్ళు మనిషిని లోపలికి లాగుతాయి. అల ఒడ్డుకు తెచ్చిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి కదా, అవి అన్ని చోట్లా సమంగా పోవు. ఒకచోట సందు చూసుకుని కాలువ లాగా జోరుగా పోతాయి. ఆ చోట అలలు పెద్దగా విరగవు, నురగ తక్కువ, పైకి చూస్తే నెమ్మదిగా ఉన్నట్టు కనపడుతుంది. తెలియనివాళ్ళు అదే మంచి చోటనుకుని దిగుతారు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక పట్టీ మాత్రం ఊరకే ఉంటే అక్కడికి ఎవరినీ పోనివ్వకు. నీళ్ళు మసకగా, ఇసుక కలిసి లోపలికి పోతున్నట్టుంటే ఇంకా జాగ్రత్త. ఒకవేళ ఎవరైనా చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు, అలిసిపోయే మునుగుతాడు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈది, ఆ లాగుడు తప్పాక ఒడ్డుకు రావాలి. అంత బలం లేకపోతే తేలుతూ చెయ్యెత్తి కేక వేయాలి. ఈ మాట పెద్దోడి చేత రెండుసార్లు అప్పజెప్పించు.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట అసలే దిగవద్దు. బొర్రా గుహల దగ్గర పుట్టిన నది, తాటిపూడి మీదుగా వచ్చి భీమిలి దగ్గర కలుస్తుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ అక్కడ ఇసుక మేట ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు, మోకాలి లోతు అనుకున్నది ఒక్క అడుగులో మెడ లోతు అవుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు పెద్దది. అనుమానం వస్తే పడవ దగ్గర ఉన్న పెద్దమనిషిని అడుగు, ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో వేలు పెట్టి చూపిస్తాడు. పిల్లలకు మోకాలు దాటి నీళ్ళు వద్దు. అంతే.

పొద్దున తొందరగా చేరితే పడవలు ఒడ్డుకు రావడం చూడవచ్చు. వలలో నుంచి చేపలు విడదీస్తుంటారు, వేలంపాట అక్కడే జరుగుతుంది. మన చెరువుల్లో కొర్రమట్టలు, బొచ్చెలు చూసిన పిల్లలకు కనగర్తలు, కవళ్ళు, వంజరం, చందువ కొత్త. కొనాలనుకుంటే మొప్ప ఎత్తి చూడు, ఎర్రగా ఉండాలి, కన్ను తేటగా ఉండాలి. వేలు పెట్టి నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు. ఆరేసిన వలను తొక్కకండి, పక్క నుంచి తిరిగి పోండి. అడగకుండా పడవ ఎక్కి ఫొటోలు దిగవద్దు, చేపలమ్మే ఆడవాళ్ళ మొహం మీద ఫోన్ పెట్టవద్దు. అది వాళ్ళ పని చోటు. నేవీ వాళ్ళ స్థావరం ఐఎన్‌ఎస్ కళింగ కూడా ఆ పక్కనే ఉంది. కంచె, బోర్డు కనపడితే ఫోన్ లోపల పెట్టుకోండి.

ఎండ ఎక్కకముందే ఊళ్ళోకి నడవండి. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తకం పెట్టుకున్నారు, 1825లో ఊరు ఇంగ్లిషువాళ్ళ చేతికి పోయింది. డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ సముద్రానికి దగ్గర్లోనే ఉన్నాయి. రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. పిల్లలను వేళ్ళతో తడమమను, కానీ పైకి ఎక్కనివ్వకు. నేను అక్కడికి పోయినప్పుడల్లా చిన్న వయసులో పోయినవాళ్ళ కోసమే వెతికేదాన్ని. అన్ని నెలలు ఓడలో వచ్చి, ఇక్కడి ఎండకు, జ్వరాలకు తట్టుకోలేక పోయిన మనుషులు. పాత లైట్‌హౌస్, గంటస్తంభం, చర్చి కూడా నడిచేంత దూరంలోనే. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, దేశంలోని మొదటి మున్సిపాలిటీలలో ఒకటి.

భీమిలి ఒకప్పుడు ఓడల రేవు. పెద్దోడు తప్పకుండా అడుగుతాడు, రేవు అంటున్నావు, ఓడలేవి అని. చెప్పు. భీమిలిలో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. లోపల దూరంగా లంగరు వేసుకుంటే, సరుకు పడవల్లో మోసేవాళ్ళు. బర్మాలోని రంగూన్‌కు పోయే ఓడ ఎక్కడానికి కూడా కూలీలు అట్లాగే పడవల్లో పోయేవాళ్ళు. 1933లో విశాఖపట్నంలో లోతైన హార్బర్ తెరిచారు, ఓడ నేరుగా గట్టుకే వచ్చి ఆగేది, రైలు కూడా అక్కడికే. ఇక పడవల్లో మోయించుకునే అవసరం ఎవరికుంటుంది? వ్యాపారం మెల్లగా అటు పోయింది. ఇప్పుడు ఊళ్ళో మనుషులు కూడా ఉద్యోగానికి రోజూ అటే పోతున్నారు. పొద్దున బస్సులో ఎదురొచ్చే జనాన్ని పిల్లలకు చూపించి ఈ ముక్క చెబితే బాగా అర్థమవుతుంది.

ఆ రేవు నుంచి పోయిన సరుకుల్లో గోగునార ముఖ్యమైనది. మనం పుంటికూర అని పప్పులో వేసుకుంటామే, ఆ జాతి మొక్కే. కట్టెలు కోసి కుంటలో నానబెట్టి, కుళ్ళిన తర్వాత నార ఒలుస్తారు. బయటి దేశాల వ్యాపారులు దాన్ని భీమిలి జనుము అనే పిలిచేవాళ్ళు. ఊరికి దగ్గర్లోనే, గోస్తనీ పక్కన, చిట్టివలస జూట్ మిల్లు 1867లో పెట్టారు. గోనె సంచి లేకపోతే పని ఎట్లా ఆగిపోతుందో మనకు ఒకరు చెప్పాలా? వడ్లు కల్లంలో పోసి సంచుల కోసం కొనుగోలు కేంద్రం దగ్గర రోజుల తరబడి కూర్చున్న రైతులు మన ఇళ్ళలోనే ఉన్నారు. మిర్యాలగూడ మిల్లుల ముందు సంచుల దొంతరలు చూస్తూ పెరిగాం. అటువంటి సంచులు నేసిన ఊరు అది. 2009లో మిల్లుకు తాళం పడింది. వేల కుటుంబాలు దాని మీదనే బతికినవి.

మిల్లు దగ్గరికి పో, కానీ లోపలికి దూరే ప్రయత్నం చేయవద్దు. బయట నుంచి చూస్తే చాలు. అక్కడ ఏదైనా టీ కొట్టు దగ్గర కూర్చో. పెద్దవాళ్ళు ఉంటే 'మీరు మిల్లులో చేశారా' అని మాత్రం అడుగు, తర్వాత వినడమే. ఏ షిఫ్టు, ఏ విభాగం, సైరన్ ఎప్పుడు మోగేది, అన్నీ చెబుతారు. మిల్లు మూతపడ్డాక డబ్బులెంత వచ్చాయి, ఎంత రావాలి అనే మాట వాళ్ళే ఎత్తితే సరే, మనం ఎత్తవద్దు. మాటతీరు వేరుగా ఉందని పిల్లలు నవ్వకుండా చూడు. మన మాటను ఎవరైనా నవ్వితే మనకు ఎంత కష్టమో నీకు తెలుసు కదా బిడ్డా.

సాయంత్రం పావురాళ్ళకొండ. నరసింహస్వామి గుడి మెట్లు అత్తగారికి కష్టమైతే కింద నీడలో కూర్చోబెట్టు, బలవంతం చేయకు. పైన బౌద్ధుల కాలం నాటి ఆనవాళ్ళు ఉన్నాయి. రాతిని తొలిచి వాన నీళ్ళు పట్టుకున్న తొట్లు చూపించు. మన వైపు బౌద్ధ శిథిలాలున్న ఫణిగిరి గుట్ట చూసిన పిల్లలు కాబట్టి బౌద్ధ భిక్షువులంటే తెలుసు, ఇక్కడ మాత్రం కొండ మీద కూర్చుంటే ఎదురుగా సముద్రమే. ఫ్లోరైడు నీళ్ళతో నడుములు వంగిన జిల్లా వాళ్ళం, వాన నీటిని అంత శ్రద్ధగా దాచుకున్న మనుషులను చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపించేది. చీకటి పడకముందే దిగండి.

తిండికి పెద్ద టెన్షన్ లేదు. బీచ్ దగ్గర చేప వేపుడు తినాలనుకుంటే నీ కళ్ళ ముందే ముక్కలు కోసి వేయించమను, ముందే వేయించి పెట్టినవి వద్దు. పిల్లలకు మురీ మిక్చర్, అంటే మరమరాల మిక్చర్ ఇప్పించు. నీళ్ళ సీసాలు, టోపీలు, ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు ఎక్కువ పెట్టుకో. తడి బట్టలతో బస్సులో కూర్చుంటే చిన్నదానికి జలుబు చేస్తుంది.

మేము అద్దెకున్న ఇంటి ఓనరమ్మకు నేను ఫోన్ చేసి చెబుతాను. మధ్యాహ్నం వాళ్ళింట్లో కాసేపు నడుము వాల్చవచ్చు, అత్తగారికి బాగుంటుంది. పోయేటప్పుడు మన దగ్గరి సకినాలు ఒక డబ్బా తీసుకుపో, ఆమెకు ఇష్టం. టికెట్లు అయినాక ఏ తేదీనో నాకు చెప్పు.

అన్నయ్యకు, వదినకు అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ అత్తమ్మ